శ్రమకు గడువు చెప్పేవాళ్లు

మా పెద్దమ్మ ఎడమ మోచేతి దగ్గర చెయ్యి వేస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఉండేది. డయాలసిస్ కోసం రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన ఫిస్టులా అది. రక్తం అందులో పరుగెత్తుతుంటే పుట్టే అదురు పైనుంచే చేతికి తెలుస్తుంది. పొద్దున లేవగానే ముందు అక్కడ చెయ్యి పెట్టి చూసుకునేది. "తిరుగుతోంది, ప్రభువుకు స్తోత్రం" అనేది. ఆ తర్వాతే ముఖం కడుక్కోవడం. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు, రెండు లావుపాటి సూదులు. రోజు మొత్తానికి అరలీటరుకు మించి నీళ్లు తాగకూడదన్నారు గనక స్టీలు గ్లాసుతో కొలుచుకుని తాగేది. నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనంలో ఇచ్చే బుల్లి గ్లాసుడు ద్రాక్షరసం కూడా ఆ కొలతలో వేసుకునేది.

ఒక స్వస్థత కూటంలో ఒక దైవజనుడు ఆమె తల మీద చెయ్యి వేసి, ఈస్టరు పండగ లోపల నీకు కొత్త మూత్రపిండాలు వస్తాయి, ఇక నీ ఒంట్లోకి సూది దిగదు, ఇది దేవుడు చెబుతున్న మాట అన్నాడు. వేలమంది ఆమెన్ అన్నారు. ఆ వారం ఆమె రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లలేదు. బలవంతం చేసిన మమ్మల్ని, "నేనిప్పుడు వెళితే ఆయన మాట నమ్మనట్టు కాదా?" అని ఆపింది. రెండోసారి మానేసిన రోజు రాత్రి పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చుని కిటికీ ఊచలు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. తెల్లవారుజామున ఆటోలో తీసుకెళ్లాం. దారి పొడవునా నా భుజం మీద ఆమె గోళ్లు దిగి ఉన్నాయి. బతికింది.

మూడో రోజున ఆ కూటాల తరఫున ఒక సోదరుడు వార్డుకు వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఎంతో మెత్తగా, "అక్కా, దైవజనుడి నోట వచ్చిన మాట తప్పదు. మీ మనసులో ఎక్కడో సందేహం దూరింది. ఒప్పుకోని పాపం ఏదన్నా మిగిలిపోయిందేమో చూసుకోండి" అన్నాడు. ప్రార్థన చేసి వెళ్లాడు. అతను గుమ్మం దాటాక పెద్దమ్మ నావైపు తిరిగి, "నేనేం దాచానంటావు నాయనా?" అని అడిగింది. ఆ తర్వాత మూడేళ్లు, పోయేదాకా, ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

ఆ సోదరుడు చెడ్డవాడు కాడు. తాను నమ్మిందే చెప్పాడు. అందుకే నా కోపం అతను నమ్మిన బోధ మీద. ఇవాళ మన తెలుగు సంఘాల్లో, పెద్ద పట్నాల మందిరాల్లోనూ పల్లెల్లో పందిరి కింద నడిచే కూటాల్లోనూ, ఆ బోధ గాలిలాగా పరచుకుని ఉంది. బిడ్డ బాగుండాలనే తండ్రి కోరుకుంటాడు గనక జబ్బు, అప్పు, గొడ్రాలితనం ఏదీ ఆయన చిత్తం కాదట. అవి పోకపోతే లోపం విశ్వాసిదట. ఎప్పుడు పోతాయో, ఎలా పోతాయో దేవుడు తన అభిషిక్తుడి చేత చెప్పిస్తాడట. చెప్పినట్టు జరగకపోతే మళ్లీ లోపం విశ్వాసిదేనట. ఎటు తిరిగినా బాధపడేవాడే దోషి. నేనీ విశ్వాసానికి బయటివాణ్ణి కాను. మా ముత్తాతల కాలం నుంచి ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబం మాది. దేవుడు జబ్బు నయం చేస్తాడని నమ్ముతాను, చెయ్యమని మోకాళ్ల మీద అడుగుతాను. ఈ బోధ మాత్రం వాక్యానికి విరుద్ధం, దేవుడి మీద వేస్తున్న నింద.

బాధలో ఉన్న మనిషి రెండే అడుగుతాడు: ఇది నాకెందుకు వచ్చింది, ఎప్పుడు పోతుంది. కారణం, గడువు. మన తాతలు బాప్తిస్మానికి ముందు కూడా ఇవే అడిగారు. కారణానికి పూర్వజన్మ కర్మ అన్నారు, గడువు కోసం సోదెమ్మ ముందు కూర్చున్నారు. ఆ ఆరాటాన్ని నేను తప్పు పట్టను. కడుపు కాలిన మనిషి అడగకుండా ఎలా ఉంటాడు? కానీ కర్మ అన్న చోట 'ఒప్పుకోని పాపం' అని, సోదె అన్న చోట 'ప్రవచనం' అని పెట్టుకుని, అదే పాత బేరాన్ని సువార్త అంటున్నాం. క్రీస్తు ఈ రెంటికీ ఏం చెప్పాడో చూడండి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇతను పాపం చేశాడా, ఇతన్ని కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి తానే ఎత్తి, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, వింటున్నవాళ్లను తమ సంగతి చూసుకోమన్నాడు. ఇక గడువు. పునరుత్థానం తర్వాత, పరలోకానికి వెళ్లబోయే ముందు, ఇశ్రాయేలుకు రాజ్యం ఇప్పుడు తిరిగి ఇస్తావా అని అడిగిన శిష్యులతో, కాలాలు సమయాలు తెలుసుకోవడం మీ పని కాదు, అవి తండ్రి తన చేతిలో ఉంచుకున్నాడు అన్నాడు. మూడేళ్లు వెంట తిరిగిన అపొస్తలులకు ఇవ్వని గడువు, మైకు పట్టుకున్న మనిషి ఆరో వరసలో కూర్చున్న మా పెద్దమ్మకు ఇచ్చాడు.

యోబు గ్రంథాన్ని మనవాళ్లు చాలా ప్రసంగిస్తారు. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం. నడుమ ఉన్న ముప్పై తొమ్మిది అధ్యాయాల మీద వినిపించేది తక్కువ. అసలు గొడవంతా అక్కడే ఉంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు మంచి స్నేహితులు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. మన పరామర్శల్లో ఏడు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నవాణ్ణి నేను చూడలేదు. నోరు తెరిచాక చెడింది. ముగ్గురిలో మొదట మాట్లాడిన ఎలీఫజు దేన్ని ఆధారం చేసుకున్నాడు? ఒక దర్శనాన్ని. రాత్రి గాఢనిద్ర వేళ భయం పుట్టిందట, ఒక ఆత్మ ముఖం ముందు నుంచి పోయిందట, ఒంటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయట, మెల్లని స్వరం వినిపించిందట. నాలుగో అధ్యాయంలో ఉంది. అతను అబద్ధం ఆడుతున్నాడని గ్రంథం ఎక్కడా అనదు. నిజంగానే ఏదో చూసి ఉండవచ్చు. ఆ స్వరం చెప్పిన మాటలు కూడా వినడానికి భక్తిగానే ఉంటాయి: దేవుడి ముందు మనిషి నీతిమంతుడౌతాడా అని. ఆ మాటను తీసుకెళ్లి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నవాడి మీద సాక్ష్యంగా ప్రయోగించాడు. బైబిల్లో బాధపడుతున్న మనిషికి దర్శనం పేర చెప్పిన తొలి ఓదార్పుల్లో ఇదొకటి. దాని తీర్పు నలభై రెండో అధ్యాయం ఏడో వచనంలో ఉంది. దేవుడు ఎలీఫజును పేరు పెట్టి పిలిచి, నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ నా గురించి సరిగా మాట్లాడలేదు, నా సేవకుడు యోబు మాట్లాడాడు అన్నాడు.

ఏం మాట్లాడాడు యోబు? పుట్టిన దినాన్ని శపించాడు. దేవుణ్ణి న్యాయస్థానానికి రమ్మన్నాడు. నన్ను ఎందుకు శత్రువుగా చూస్తున్నావని నిలదీశాడు. ఆ మాటలే ఇవాళ ప్రార్థన కూటంలో ఎవరైనా అంటే పక్కకు పిలిచి మందలిస్తాం, సణుగుడు ఆత్మ అంటాం. దేవుడు మాత్రం వాటిని తన గురించి పలికిన సరైన మాటల్లో వేసుకున్నాడు. ఎందుకంటే యోబు ఆ మాటలు ఆయనతోనే అన్నాడు. స్నేహితులు దేవుడి గురించి మాట్లాడారు, యోబు దేవుడితో మాట్లాడాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ ముప్పై చిల్లర అధ్యాయాల్లో యోబు కోసం ఒక్క ప్రార్థన చెయ్యలేదు, వెతికి చూడండి. చివరికి వాళ్ల కోసం యోబే ప్రార్థన చెయ్యాల్సి వచ్చింది.

వెంటనే ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు: "యోబుకు అంతా రెట్టింపు వచ్చింది కదా?" వచ్చింది. అయితే వరస చూడండి. యోబు సరిగా మాట్లాడాడన్న తీర్పు ఏడో వచనంలో వచ్చింది, రెట్టింపు పదో వచనంలో. తీర్పు వెలువడేటప్పటికి అతను ఇంకా బూడిదలోనే ఉన్నాడు, ఒంటి మీద కురుపులు అలాగే ఉన్నాయి. స్వస్థత వచ్చింది కాబట్టి విశ్వాసం రుజువైందని ఆ గ్రంథం చెప్పదు. ఇంకో సంగతి. సుడిగాలిలోంచి దేవుడు అంతసేపు మాట్లాడి కూడా, పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ ఒక్క ముక్క యోబుకు చెప్పలేదు. మొదటి అధ్యాయం మనం చదివాం, యోబు చదవలేదు. కారణం తెలియకుండానే చనిపోయాడు. చచ్చిపోయిన మొదటి పదిమంది బిడ్డలను కొత్త పదిమంది పూడ్చారని నేను ఏ తల్లి ముందూ చెప్పలేను, చెప్పేవాళ్ల దగ్గర కూర్చోలేను.

ఇప్పుడు గడువు సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు కొట్టాక, పళ్లెంలో వాగ్దాన కార్డులు తెస్తారు. వరసలో వెళ్లి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. బీరువా తలుపుకు అంటిస్తాం. నా చిన్నప్పటి నుంచి ఆ కార్డుల్లో మళ్లీ మళ్లీ వచ్చేది యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం, పదకొండో వచనం: మీ గురించి నాకున్న ఉద్దేశాలు మేలు కోసమే, కీడు కోసం కావు అన్న అర్థం. ఆ కార్డు వెనక కథ ఎంతమందికి చెప్పారు? సిద్కియా రాజు నాలుగో ఏట, అయిదో నెలలో, గిబియోను ఊరివాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకులందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, ఎత్తుకుపోయిన మందిర వస్తువులు తిరిగి వస్తాయి, చెరలో ఉన్నవాళ్లు ఇళ్లకు వస్తారు అని యెహోవా పేర ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద ఉన్న కొయ్యకాడిని లాగి అందరి ముందూ విరగ్గొట్టాడు. ఎంత గొప్ప సభ అయి ఉంటుందో ఊహించండి. బిడ్డల్ని చెరకు పంపి కుమిలిపోతున్న తల్లులకు రెండేళ్లన్న మాట ఎంత తీపి! యిర్మీయా మొదట ఏమన్నాడో తెలుసా? ఆమెన్ అన్నాడు. యెహోవా అలాగే చేయును గాక అని కోరుకున్నాడు. అతనికీ అదే కావాలి. ప్రజల కన్నీళ్లు తెలిసినవాడు. కానీ నిజం వేరని తెలుసు. డెబ్బై ఏళ్లు. ఆ రోజు వింటున్న పెద్దల్లో ఎవరూ బతికి చూడలేని గడువు. హనన్యా అదే ఏడు ఏడో నెలలో చనిపోయాడు.

యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరమే ఇరవై తొమ్మిదో అధ్యాయం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నం క్షేమం కోసమే ప్రార్థించండి అని రాశాడు. ఎనిమిదో వచనంలో మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోవద్దని హెచ్చరించాడు. పదో వచనంలో డెబ్బై ఏళ్లన్నాడు. పదకొండో వచనంలో మన కార్డు. అబద్ధ ప్రవచనం మీద హెచ్చరికకు మూడు వచనాల కింద, డెబ్బై ఏళ్ల చెరకు ఒక్క వచనం కింద ఉన్న మాటను కత్తిరించి, ఈ ఏడాది నీ సమస్య తీరుతుందన్న హామీగా పంచుతున్నాం. యిర్మీయా ఉత్తరంలోంచి తీసిన వచనంతో హనన్యా సందేశం చెబుతున్నాం.

ఆ ఉత్తరంలో అసలైన నడిపింపు ఎలా ఉందో గమనించండి. తోట నాటుకోండి. ఇంతకంటే మామూలు మాట ఉంటుందా? మా పెద్దమ్మ విషయంలో ఆ నడిపింపు పొద్దున అయిదు గంటల బస్సు. సోమవారం, బుధవారం, శుక్రవారం. ఆ బస్సు ఎక్కినందుకు ఆమెను అవిశ్వాసి అన్నారు. ఆ బస్సు ఎక్కడమే ఆమె విశ్వాసం అని నేనంటాను.

వచనాలను సగంలో కోసే అలవాటు ఇక్కడితో ఆగలేదు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయాన్ని విశ్వాసవీరుల అధ్యాయం అంటాం. విశ్వాసం వల్ల రాజ్యాలు జయించారు, సింహాల నోళ్లు మూశారు, స్త్రీలు చనిపోయిన తమవారిని తిరిగి పొందారు. ఎన్నో ప్రసంగాలు ముప్పై అయిదో వచనం సగంలో ఆగిపోతాయి. అదే వచనం రెండో సగం నుంచి కొరడా దెబ్బలు, సంకెళ్లు, రంపంతో కోయబడినవాళ్లు, గొర్రెతోళ్లు కప్పుకుని గుహల్లో తిరిగినవాళ్లు. వాళ్లందరికీ కూడా అదే విశ్వాసం, అదే సాక్ష్యం. ఒక వాక్యంలో ఒకరికి బిడ్డ తిరిగొచ్చింది, ఇంకొకరికి రాలేదు, రచయిత ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టాడు. మనం రెండోవాళ్లను వరసలోంచి తీసేశాం.

ఎలీషా సంగతి తీసుకోండి. ఏలీయా మీది ఆత్మలో రెండు పాళ్లు అడిగి పొందినవాడు. నయమాను కుష్టు పోగొట్టినవాడు, కానుక తీసుకోనని పంపేసినవాడు. రెండో రాజుల గ్రంథం పదమూడో అధ్యాయంలో అతను జబ్బుపడ్డాడు, ఆ జబ్బుతోనే చనిపోయాడు. పాపం ఒప్పుకోలేదని గాని విశ్వాసం తగ్గిందని గాని అక్కడ లేదు. తర్వాత అతని ఎముకలు తగిలి ఒక శవం లేచింది. చచ్చాక కూడా ఎముకల్లో అంత శక్తి ఉన్న మనిషి, తన జబ్బు మాత్రం పోగొట్టుకోలేదు. పౌలు తన ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే లేదన్న జవాబు వచ్చింది. త్రోఫిమును జబ్బుగా ఉన్నవాణ్ణి మిలేతులో విడిచి వచ్చాడు, తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. గెత్సేమనేలో ఆ గిన్నె తొలగించమని అడిగిన కుమారుడు కూడా మూడుసార్లే అడిగాడు. ఆయనకూ తొలగించలేదు. ఆయన విశ్వాసం తగ్గిందని అనే ధైర్యం ఎవరికుంది?

యాకోబు పత్రికలో ఉంది కదా, పెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థిస్తే రోగి బాగుపడతాడని? ఉంది, నేనూ నమ్ముతాను. అక్కడ విశ్వాసంతో ప్రార్థించమన్నది పెద్దలను. మంచంలో ఉన్నవాడు చేసేదల్లా పిలవడం. ప్రార్థన ఫలించకపోతే ముందు పెద్దలు తమ గుండెలు తడుముకోవాలి, రోగి గుండెను కాదు. అదే అధ్యాయంలో నాలుగు వచనాల పైన, శ్రమకు మాదిరిగా ప్రవక్తలను, యోబును చూపించాడు యాకోబు. ఒకే ఊపిరిలో రాసినవి. మనం నూనె సీసా తీసుకుని యోబును అక్కడే వదిలేశాం.

మన నేల మీద మన పెద్దలు నడిచిన దారి కూడా ఇది కాదు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం ఎముకల గూడైంది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆకలితో ఉన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. కరువు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, అతను ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారా, క్రీస్తు కోసం వచ్చారా అన్నది తేలాలని. సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చేది లేదని తెలిసి వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల బిడ్డల బిడ్డలకు ఇవాళ, విత్తన కానుక వేస్తే పంట కోస్తావని చెబుతున్నాం. ఇది నాకు కడుపులో దేవినట్టుంటుంది.

హైదరాబాదు హెబ్రోను సంఘాన్ని స్థాపించిన భక్త సింగ్ గారి ప్రార్థన గురించి మా నాన్న తరం కథలు కథలుగా చెప్పేది. ఆ భక్త సింగ్ గారు 2000 సెప్టెంబరులో చనిపోయే ముందు ఏళ్ల తరబడి పార్కిన్సన్స్ జబ్బుతో మంచంలో ఉన్నారు. దగ్గరున్నవాళ్లు ఎత్తుకుని తిప్పారు, తినిపించారు, కడిగారు. ఆయన విశ్వాసానికి ఎక్కడ చిల్లు పడిందని ఎవరన్నా అడిగారా? ఆయన్ని అడగని ప్రశ్న మా పెద్దమ్మను ఎందుకు అడిగారు? పేరున్న దైవజనుడి జబ్బు శోధన, పేరులేని ఆడమనిషి జబ్బు పాపం. ఈ తేడా వాక్యంలో ఎక్కడుంది?

ఇక నడిపింపు. "దేవుడు నాతో మాట్లాడాడు" అన్న మాట ఇవాళ మన మధ్య అన్ని వాదాల నోరూ మూయించే మాట. అభిషిక్తుణ్ణి ముట్టవద్దన్న కీర్తన వచనాన్ని దానికి కావలిగా నిలబెడతారు. ఆ నూట అయిదో కీర్తనలో ఆ మాట ఎవరిని కాపాడటానికి వచ్చింది? సొంత నేల లేక దేశాలు పట్టుకు తిరిగిన అబ్రాహాము కుటుంబాన్ని రాజుల చేతుల్లోంచి కాపాడటానికి. బలహీనులకు ఇచ్చిన డాలును బలవంతులు లాక్కున్నారు. పౌలు కొరింథు సంఘానికి రాసిన నియమం స్పష్టం: ఇద్దరో ముగ్గురో ప్రవక్తలు మాట్లాడాలి, తక్కినవాళ్లు వివేచించాలి. థెస్సలొనీకవాళ్లకు ప్రవచనాలను తోసెయ్యొద్దంటూనే అన్నిటినీ పరీక్షించమన్నాడు. బెరయవాళ్లు పౌలు చెప్పిందే లేఖనాలతో సరిచూసుకుంటే ఘనులని పొగిడాడు లూకా. పౌలు మాటనే పరీక్షించవచ్చు గాని మన ఊరి కూటాల బోధకుడి మాట పరీక్షించకూడదట.

మొదటి రాజుల గ్రంథం పదమూడో అధ్యాయం నేను ఏ కూటంలోనూ వినలేదు. యూదా నుంచి బేతేలుకు వచ్చిన ఒక దైవజనుడికి, అక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి పోవద్దని దేవుడి ఆజ్ఞ. బేతేలులో ఒక ముసలి ప్రవక్త అతన్ని వెతికి పట్టుకుని, నేనూ ప్రవక్తనే, దేవదూత నాతో మాట్లాడాడు, నిన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టమన్నాడు అన్నాడు. అబద్ధం. ఆ దైవజనుడు పెద్దరికాన్ని నమ్మాడు. తిరిగి వెళుతుంటే దారిలో సింహం చంపింది. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది. చెప్పినవాడు నిజమైన ప్రవక్తే, మాట అబద్ధం. విన్నవాడు నిజమైన భక్తుడే, అయినా చచ్చిపోయాడు. నెత్తి నెరిసినవాడు, దేవదూత పేరు చెప్పినవాడు, ప్రేమగా అన్నం పెడతానన్నవాడు కూడా తప్పు చెప్పవచ్చునని బైబిలే చెబుతుంటే, పరీక్షించడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

"మనసులో సమాధానం ఉంది, అందుకే ఇది దేవుడి నడిపింపు" అనే మాట ఇంకొకటి. పెళ్లి సంబంధానికీ అదే, స్థలం కొనడానికీ అదే, మందులు మానడానికీ అదే. యోనా దేవుడి ముఖం తప్పించుకుని పారిపోయేటప్పుడు యొప్పేలో ఓడ సిద్ధంగా దొరికింది. కేవుకు డబ్బులూ ఉన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి కదా అనుకుంటే అనుకోవచ్చు. తుఫానులో నావికులు మొరపెడుతుంటే అతను ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. అంతకు మించిన సమాధానం ఏముంటుంది? దేవుడి చిత్తంలో సరిగ్గా నిలబడిన క్రీస్తుకేమో ఆ రాత్రి తోటలో నిద్ర లేదు, చెమట రక్తపు బొట్లలా నేల మీద పడింది. అవిధేయుడికి నిద్ర పట్టింది, విధేయుడికి పట్టలేదు. మనసు స్థిమితంగా ఉందా లేదా అన్నదాన్ని దేవుడి సంతకంగా ఎలా చదువుతాం?

నిజమైన ప్రవచనం ఎలా ఉంటుందో చూడాలంటే కైసరయలో ఫిలిప్పు ఇంటికి వెళ్లాలి. అగబు వచ్చి పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ణి యెరూషలేములో ఇలా కట్టేస్తారని చెప్పాడు. గెలుపు చెప్పలేదు, గడువు చెప్పలేదు. అందరూ వెళ్లొద్దని ఏడ్చారు. పౌలు వెళ్లాడు. ప్రభువు చిత్తం జరగాలని చివరికి ఊరుకున్నారు వాళ్లు. కష్టం వస్తుందన్న ప్రవచనం విని, ఆ కష్టంలోకే నడిచి వెళ్లడం కూడా నడిపింపే.

నాకైతే ఇన్నేళ్ల తర్వాత ఒక పరీక్ష మిగిలింది. గడువు దాటిన మర్నాడు ఆ గడువు చెప్పినవాడు వచ్చాడా? ఈస్టరు పోయింది. పెద్దమ్మ చేతిలో సూదులు దిగుతూనే ఉన్నాయి. సూది దిగదన్న మనిషి రాలేదు. నేను పొరబడ్డానమ్మా, నాకు వినిపించింది దేవుడి స్వరం కాదు, నా ఆశ అని ఒక్క మాట అని ఉంటే ఆమె చివరి మూడేళ్లు ప్రశాంతంగా నిద్రపోయి ఉండేది. ఆ మనిషిని ఆమె చివరి ప్రార్థనల్లో కూడా పేరు పెట్టి దీవించేది. ప్రవచనం చెప్పేవాళ్లకు నేను పెట్టే కోరిక ఇదే: చెప్పిన ప్రతి మాటా మీ పేరుతో సంఘం పుస్తకంలో రాయించండి. గడువు దాటాక ఆ ఇంటికి మీరే వెళ్లండి. మందులు మానమని ఎవరికీ చెప్పకండి. చెబితే, ఆ రాత్రి ఆ ఆటోలో మీరు కూర్చోండి.

సంఘాలకు ఇంకొకటి. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచేది బాగుపడ్డవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, కేసు గెలిచినవాళ్లు. బాగుపడనివాళ్లు అదే మందిరంలో వెనక వరసలో ఉంటారు. నెలలు గడిచేకొద్దీ గుమ్మం దగ్గరికి జరుగుతారు, తర్వాత రావడం మానేస్తారు. మనకు వినిపించే సాక్ష్యాలన్నీ ఒకే వైపువి గనక, దేవుడు ఎప్పుడూ అలాగే చేస్తాడని పిల్లలు అనుకుంటారు. కీర్తనల గ్రంథం నూట యాభై పాటల్లో మూడో వంతుకు పైగా మొరలు. దేవుడి ప్రజలు మందిరంలో నిలబడి ఎన్నాళ్లు అని అడిగిన పాటలు. ఇంకా బాగుపడని మనిషిని కూడా లేపి మాట్లాడించండి. ఆమె ఇంకా ఇక్కడికి వస్తోందంటే ఏం పట్టుకుని వస్తోందో వినండి.

పెద్దమ్మ ఒకసారి మాట్లాడింది. పాస్టరు గారు పిలవలేదు, తనే లేచింది. చీర కొంగు ఎడమ చేతి మీదికి లాక్కుని, "నాకు బాగవలేదు. బాగవుతుందో లేదో తెలవదు. మీరు ప్రార్థన చెయ్యండి, నేనూ చేసుకుంటా" అని కూర్చుంది. మందిరంలో ఒక్క స్తోత్రం వినపడలేదు. ఆరాధన అయ్యాక మాత్రం ముగ్గురు ఆడవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి గోడ పక్కన చాలాసేపు నిలబడ్డారు. ఒకామె భర్తకు పక్షవాతం. ఒకామెకు పన్నెండేళ్లుగా పిల్లలు లేరు. మూడో ఆమె ఏమీ చెప్పలేదు, ఏడ్చి వెళ్లింది.

చివరి నెలల్లో కళ్లు సరిగా కనపడక నన్ను చదవమనేది. ఒక రాత్రి ఎనభై ఎనిమిదో కీర్తన తియ్యమంది. ఆ కీర్తన తెలిసినవాళ్లకు తెలుసు, చివర వెలుగు రాదు. చీకటిలో మొదలై చీకటిలోనే ఆగుతుంది. నేను చదివి ఆగాను. ఆమె కాసేపు చూసి, "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను. "ఇంకేం లేదా చివర?" లేదన్నాను. కుడి చెయ్యి తీసుకెళ్లి ఎడమ మోచేతి మీద పెట్టి కొంచెంసేపు ఉంచింది. "సరే, ఆమెన్ అను. పొద్దున్నే బస్సుంది, అలారం పెట్టు నాయనా" అంది.